అతికించిన కోటు

అబిగయీలు ఏనాడూ నల్లకోటు వేసుకోలేదు. అయినా కొడవలూరు దగ్గర హైవే పక్కన ఇంజినీరింగ్ కాలేజీ వాళ్లు నిలబెట్టిన పెద్ద ఫ్లెక్సీలో, తోటి విద్యార్థుల పక్కన ఆమె నల్లకోటు, ఎర్ర టై వేసుకుని నవ్వుతూ ఉంటుంది. కాలేజీలో చేరినప్పుడు ఇచ్చిన పాస్‌పోర్టు ఫొటోలోంచి మొహం కత్తిరించి, కాస్త తెల్లబరిచి, ఎవరిదో కోటు మెడ కింద అతికించారు. మొహం కింద పేరు, ఊరు. దాని కింద పసుప్పచ్చ అక్షరాల్లో ‘ప్యాకేజీ 8 లక్షలు’ అని రాసి ఉంటుంది.

ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆమెకు ఇస్తామన్నది ఏడాదికి మూడు లక్షల అరవై వేలు. అదీ ఇవ్వలేదు. ఇంజినీరింగ్ ఆఖరి ఏడాదిలో కాలేజీకి వచ్చి ఎంపిక చేసుకుని ఉత్తరం పంపారు. ఆగస్టులో చేరమన్నారు. తర్వాత కొత్త సంవత్సరం అన్నారు. ఆ తర్వాత ‘వ్యాపార అవసరాలను బట్టి తెలియజేస్తాం’ అని ఒక మెయిల్ వచ్చింది. అంతే, మళ్లీ మాట లేదు. చదువు అయిపోయి రెండేళ్లు దాటింది. అల్లూరులో వాళ్లింటి వరండాలోనే సాయంత్రాలు పిల్లలకు లెక్కలు చెప్పుకుంటూ ఉంది. తండ్రి అబ్రహాము ట్రాలీ ఆటోలో రొయ్యల గుంటలకు ఐసు తోలతాడు. తల్లి ఎలిశబెతు అంగన్‌వాడీలో ఆయా.

జూన్ నెలాఖరులో ఒక సాయంత్రం హెబ్రోను వాళ్లింటికి వచ్చాడు. ఆయన అబ్రహాముకు వరసకు తమ్ముడు. రొయ్యల గుంటల మీద కాపలా పని చేస్తాడు. ఆయన కూతురు లిల్లీ ఆ ఏడే ఇంటర్ పాసైంది.

“అన్నా, లిల్లీని మన అబిగయీలు చదివిన కాలేజీలోనే వేస్తా ఉండా,” అన్నాడు వరండాలో కూర్చుంటూ. “మేనేజ్‌మెంటు సీటంట. రెండు బర్రెలూ బేరం పెట్టేసినా.”

పిల్లల నోట్‌బుక్కులు సర్దుతున్న అబిగయీలు చేతిలోవి పక్కన పెట్టింది.

“ఆ కాలేజీ ఎందుకు చిన్నాయనా?”

“ఎందుకేంది అమ్మణ్ణీ. నెల్లూరు పోయినప్పుడల్లా నిన్ను చూస్తానే ఉండా కదా. బస్సులో పక్కనోళ్లకు చెప్తా, ఇది మా అన్న కూతురని.”

“నాకింకా ఉద్యోగం రాలా. ఆ కంపెనీవోళ్లు పిలవనే లేదు.”

“పిలుస్తార్లే.”

“రెండేళ్లయింది చిన్నాయనా.”

“అయితే ఏం. అంత బోర్డు ఊరికే పెడతారా? లేని ఉద్యోగానికి ఎవురన్నా డబ్బులు పోసి బోర్డు పెట్టుకుంటారా?” అని నవ్వి, ఎలిశబెతు ఇచ్చిన టీ అందుకున్నాడు.

ఈ సంగతి అబిగయీలు ఎవరి దగ్గరా దాచలేదు. అడిగిన ప్రతివాళ్లకూ చెప్పింది. విన్నవాళ్లు వింటూనే తలూపి, ‘వస్తుందిలే’ అని వెళ్లిపోయారు. ఎదురుగా నిలబడి తన నోటితో తాను చెప్పే మాట కంటే, ఇనప చట్రానికి కట్టిన ఆ గుడ్డ మీది మాటే అందరికీ నిజం. అది తలుచుకుంటే ఆమెకు ఒళ్లు మండిపోయింది.

హెబ్రోను వెళ్లాక అబ్రహాము అన్నాడు, “నీ బొమ్మ తీసెయ్యమని వాళ్లనే పోయి అడగరాదా పాపా.”

మర్నాడే ఆమె కాలేజీకి వెళ్లింది.

ఉద్యోగాల వ్యవహారం చూసే నరేంద్రబాబు ఆమెను గుర్తుపట్టాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఇంటర్వ్యూల రోజుల్లో తినకుండా వచ్చిన పిల్లలకు సొంత డబ్బుతో బిస్కెట్లు తెప్పించేవాడు. ఇప్పుడు కాస్త చిక్కాడు.

“సార్, ఆ ఫ్లెక్సీలో నా ఫొటో తీయించండి,” అంది ఆమె కూర్చోకుండానే. “ఎనిమిది లక్షలని ఎవరు చెప్పినారు? నా లెటర్ కాపీ మీ దగ్గరుంది కదా.”

“డిజైన్ చేసినవాడు అందరికీ ఒకే అంకె వేసేసినాడమ్మా. ఆ బ్యాచ్‌లో హయ్యెస్ట్ అది.”

“ఆ హయ్యెస్ట్ ఎవరికొచ్చింది సార్?”

నరేంద్రబాబు బల్ల మీది కాగితాలు ఒకచోట చేర్చాడు. “మార్కెట్ బాలేదు. నీకు తెలుసు కదా. కరోనా అయిపోగానే ఎగబడి తీసుకున్నారు, తర్వాత ఒక్కసారిగా ఆపేసినారు. ఇప్పుడిప్పుడే నిదానంగా కోలుకుంటా ఉంది.”

“ఎవరికి కోలుకుంటా ఉంది? కంపెనీవోళ్లు లాభాలొచ్చినాయని పేపర్లో వేసుకుంటా ఉన్నారు. మీరు వెనకాల కొత్త బ్లాకు కడతా ఉన్నారు. మా ఇంట్లో ఏం కోలుకున్నట్టు లేదే.”

“మేం చెప్పేది సెలెక్టయినోళ్ల లెక్కమ్మా. చేరినోళ్ల లెక్క మమ్మల్ని ఎవరూ అడగరు.”

ఆ మాట ఆయన ఎంత మామూలుగా అన్నాడంటే, ఆమె దాన్ని మనసులో మరోసారి చెప్పుకుంటే గాని అర్థం కాలేదు.

“ఒక పని చెయ్యి,” అన్నాడాయన కాస్త ముందుకు వంగి. “ఇప్పుడు అడ్మిషన్ల సీజను. కౌంటర్లో కూర్చునేదానికి మనుషులు కావాలి. ఆఫీసు చూసుకునే ఏవో గారితో మాట్లాడి నిన్ను పెట్టిస్తా. పన్నెండు వేలిస్తారు. నీ మొహం అందరికీ తెలిసిందే. నువ్వు ఊరికే కూర్చున్నా చాలు.”

“అప్పుడు మీ లెక్కలో నాకు ఉద్యోగం వచ్చేసినట్టా సార్?”

ఆయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. “నాకే నాలుగు నెలల జీతం రావాల తల్లీ. నేను పోయి ఎవరిని అడగను?”

ఆ మాటకు జాలి కలగాల్సింది. ఆమెకు కలగలేదు. తనకు జీతం ఎగ్గొట్టిన వాళ్ల కోసం ఇంకొకరిని మోసం చేసే పని చేయడం ఏమిటని ఇంకా కోపం వచ్చింది.

“ఫొటో తీసేస్తారా, లేదా?”

“మేనేజ్‌మెంటుకు చెప్తా,” అన్నాడు నరేంద్రబాబు. చెప్పడని ఇద్దరికీ తెలుసు.

ఇంటికి వచ్చిన రాత్రి, ఆ తర్వాతి రెండు రోజులూ ఆమె ఆ ఫ్లెక్సీ మీదున్న మిగతా వాళ్ల నంబర్లు సంపాదించి అందరికీ ఫోన్లు చేసింది.

ఆదివారం ఆరాధనలో పాటలయ్యాక పాస్టరుగారు సాక్ష్యాలు చెప్పేవాళ్లను లేవమన్నారు. మొదట హెబ్రోను లేచాడు. తెల్లచొక్కా ఇస్త్రీ చేసి వేసుకున్నాడు.

“దేవుని నామమునకు మహిమ కలుగును గాక,” అని మొదలుపెట్టాడు. “మన అబ్రహామన్న కూతుర్ని ప్రభువు ఎంతగా హెచ్చించినాడో మీరందరూ రోడ్డు మీద చూస్తానే ఉండారు. నా బిడ్డను గూడా అదే దోవలో నడిపించమని ప్రార్థన చెయ్యండి. ఈ బుధవారం ఫీజు కట్టబోతా ఉండా.”

“స్తోత్రం,” అన్నారు అందరూ. నలుగురైదుగురు వెనక్కి తిరిగి అబిగయీలును చూసి చిరునవ్వు నవ్వారు. పక్కన కూర్చున్న ఎలిశబెతుకు కూతురి సంగతి తెలుసు. కూతురి మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది. అబిగయీలు ఆ చెయ్యి మెల్లగా తీసి లేచి నిలబడింది.

“నేనూ సాక్ష్యమే చెప్తా అయ్యగారూ.”

పాస్టరుగారు సంతోషంగా తలూపారు.

“నన్ను ఎవరూ హెచ్చించలా. నాకు ఉద్యోగం లేదు. ఆ కోటు నాది కాదు. ఆ ఎనిమిది లక్షలు నావి కావు. ఆ బోర్డు మీదున్న అందరికీ ఫోన్ చేసినా. అందరిలో చేరింది ఇద్దరే ఇద్దరు. ఒకతను చెన్నైలో బండి మీద ఇళ్లకు భోజనాలు మోస్తా ఉన్నాడు. మిగతావోళ్లు నా మాదిరిగానే ఎదురుచూస్తా కూర్చోనున్నారు.” “ఇంతకు ముందు కూడా మీకు చెప్పినా. ప్రతిసారీ వస్తుందిలే అన్నారు. ఇంక అట్టా అనబాకండి. మా నాయన ఐసు మోసి కట్టిన ఫీజుతో వాళ్లు ఆ బోర్డు పెట్టినారు. దాన్ని చూపించి ఇప్పుడు చిన్నాయన బర్రెలు అమ్మిస్తా ఉన్నారు. నా మొహం తగిలించుకోని మీ ఇళ్లల్లోకి దొంగలు వస్తా ఉన్నారు.”

పాస్టరుగారు చేతులెత్తారు.

“ఆలస్యమైనా ప్రభువు తలుపు తెరుస్తాడు. మన అబిగయీలు కోసం ప్రార్థన చేద్దాం.”

“చెయ్యండి అయ్యగారూ,” అంది ఆమె. “ఆ తలుపు మూసినోళ్ల గురించి కూడా చెప్పి చెయ్యండి.”

బయటికి వచ్చాక హెబ్రోను ఆమెను చెప్పుల దగ్గర ఆపాడు. మొహం నల్లబడి ఉంది.

“అంతమందిలో నన్ను ఎర్రోణ్ణి చేసినావు కదా. నా బిడ్డ నీ మాదిరి ఇంజినీరైతే నీకేం నొప్పి?”

“అది చెప్పింది నిజమే కదరా,” అన్నాడు అబ్రహాము.

“నిజమైతే ఇంటికొచ్చి చెప్పాల.”

“ఇంట్లోనే చెప్పినా చిన్నాయనా,” అంది అబిగయీలు. “నువ్వు నవ్వినావు.”

హెబ్రోను చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఎలిశబెతు కళ్లు తుడుచుకుంటూ ఆయన భార్య వెనకాల పరిగెత్తింది. లిల్లీ మాత్రం అక్కడే నిలబడింది.

“అయితే నేను ఏం చదవాలక్కా?”

“నాకు తెలీదు లిల్లీ. తెలిసినట్టు చెప్పేవోళ్లను మాత్రం నమ్మబాకు.”

బుధవారం పొద్దున్నే హెబ్రోను లిల్లీని వెంటబెట్టుకుని వాళ్ల గుమ్మం ముందు నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

“నువ్వూ రా,” అన్నాడు అబిగయీలుతో. “నీ ఎదురుగానే అడుగుతా. నువ్వు చెప్పేది నిజమో, వాళ్లు చెప్పేది నిజమో అక్కడే తేల్చుకుంటా.”

ముగ్గురూ బస్సెక్కారు.

కాలేజీలో అడ్మిషన్ల హాలు చల్లగా ఉంది. వచ్చినవాళ్లందరికీ చిన్న నీళ్ల సీసాలు పంచుతున్నారు. గోడ నిండా అదే ఫ్లెక్సీ. దాని కింద బల్ల వెనక మెడలో కాలేజీ కార్డు వేసుకున్న అమ్మాయి కూర్చుని ఉంది. కార్డు మీద రోజా అని పేరుంది. ఆ అమ్మాయి అబిగయీలు వైపు చూసింది గాని గుర్తుపట్టలేదు. గోడ మీది తెల్లటి మొహానికీ, బస్సులో నిలబడి వచ్చిన ఈ మనిషికీ పోలిక పట్టడం కష్టమే.

“మాది అల్లూరు,” అన్నాడు హెబ్రోను. “మా బిడ్డను చేర్పిద్దామని వచ్చినాం. ఉద్యోగాలు వస్తాయా?”

“అల్లూరా సార్? ఈ అక్కను చూడండి, మీ ఊరే. అబిగయీలు.” రోజా పెన్నుతో గోడ మీద చూపించింది. “బెంగళూరులో చేస్తా ఉంది. పోయిన వారమే నాకు ఫోన్ చేసింది, ప్రమోషన్ వచ్చిందని.”

“ఇంకేం చెప్పింది?” హెబ్రోను నిదానంగా అడిగాడు.

“వాళ్ల నాయనకు ఇల్లు కట్టిస్తా ఉందంట సార్.”

హెబ్రోను తల తిప్పి అబిగయీలును చూశాడు. పొద్దుటి నుంచి మొదటిసారి ఆమె మొహం సూటిగా చూడటం అది.

“నేను నీకు ఏ నంబరు నుంచి ఫోన్ చేసినా?” అని అడిగింది అబిగయీలు.

రోజాకు అర్థం కాలేదు. గోడ వైపు చూసింది. మళ్లీ ఆమెను చూసింది. చేతిలో పెన్ను బల్ల మీద పెట్టేసింది.

“నేనే అబిగయీలును. బెంగళూరు ఎట్టుంటుందో కూడా నాకు తెలీదు. మా నాయన ఇంటికి పోయిన వానకే పెచ్చులూడినాయి. నువ్వు కట్టించినావా ఆ ఇల్లు?”

చుట్టూ కూర్చున్న తల్లిదండ్రులు లేచి దగ్గరికి వచ్చారు. ఎవరో లోపలికి పరిగెత్తారు. పరిపాలన చూసే ఏవో వచ్చి, నవ్వు మొహంతో ముగ్గురినీ తన గదిలోకి తీసుకెళ్లి తలుపు వేశాడు.

“ఏదో పొరపాటు జరిగినట్టుందమ్మా,” అన్నాడు. “మీ ఫొటో రేపే తీయించేస్తాం. పెద్దాయనా, మీరు దూరం నుంచి వచ్చినారు. మీ అమ్మాయికి నాలుగేళ్లూ హాస్టలు ఫ్రీగా ఇస్తాం. బయటికి పోయి మాత్రం మాటలు పెంచబాకండి.”

హెబ్రోను కాసేపు ఆలోచించాడు. “భోజనం గూడానా?”

“భోజనం కూడా.”

అబిగయీలు ఆయన మొహం చూసింది. రాత్రంతా గుంటల గట్ల మీద టార్చిలైటు పట్టుకుని తిరిగే మనిషి. నాలుగేళ్లు కూతురి తిండికి వెతుక్కోనక్కర్లేదంటే ఆగి ఆలోచించడా? ఆయన మీద కోపం రాలేదు. ఆయన్ను అలా ఆగి ఆలోచించేటట్టు చేసిన మనిషి బల్లకు అవతల చేతులు కట్టుకుని, ఎంతకో ఒకంతకు బేరం తెగుతుందన్న నమ్మకంతో కూర్చుని ఉన్నాడు. ఆమెకు అది చూడలేక కళ్లలో నీళ్లు తిరిగాయి.

లిల్లీ లేచి నిలబడింది.

“నాలుగేళ్లయినాక నాకూ అట్టనే కోటు అతికిస్తారు నాయనా. రా పోదాం.”

హెబ్రోను కూతుర్ని చూశాడు. ఏవోను చూశాడు. మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాడు.

బయట హాల్లో ఆయన ఊరుకోలేదు. గట్ల మీద కేకలేసి కేకలేసి అలవాటైన గొంతు. “ఈ పిల్లే ఆ గోడ మీద పిల్ల. ఇంట్లో ఖాళీగా కూర్చోనుంది. మీ కళ్లతో చూసుకోండి,” అని కనబడిన ప్రతివాడికీ చెప్పాడు. కొందరు పిల్లల్ని తీసుకుని వెనక్కి వెళ్లారు. కొందరు కదల్లేదు. కొడవలూరు నుంచి వచ్చిన ఒకాయన అంతా విని, “మా వాడికి ఇంకెక్కడా సీటు రాలేదమ్మా,” అని మళ్లీ కౌంటర్ దగ్గరికే పోయాడు.

ఆ వారంలోనే హైవే మీద ఫ్లెక్సీ మార్చారు. అబిగయీలు స్థానంలో ఇంకో అమ్మాయి వచ్చింది. కోటు మాత్రం అదే. లిల్లీ కావలిలో డిగ్రీలో చేరింది. హెబ్రోను బర్రెలు అమ్మలేదు గాని, చర్చిలో తన పరువు పోయిందన్న బాధ మాత్రం ఆయనకు పోలేదు. అబిగయీలు ఎదురుపడితే పలకరిస్తాడు, ఆగడు.

అదే వారం కంపెనీ నుంచి కూడా మెయిల్ వచ్చింది. ఇన్నాళ్లూ ఓపిక పట్టినందుకు ధన్యవాదాలు, మీ నియామకం రద్దయింది, మీ భవిష్యత్తు ఉజ్జ్వలంగా ఉండాలని కోరుకుంటున్నాం అని దాని సారాంశం. అబిగయీలు జవాబు రాసింది. రెండేళ్లు నన్ను ఇంట్లో కూర్చోబెట్టినందుకు ఎంత ఇస్తారని అడిగింది. ఆ మెయిల్‌కు జవాబులు రాయవద్దని వెంటనే ఇంకో మెయిల్ వచ్చింది. దాన్ని రాసింది మనిషి కూడా కాదు.

శనివారం మధ్యాహ్నం వాళ్లింటికి రోజా వచ్చింది. బోగోలు దగ్గర సముద్రం ఒడ్డు పల్లె ఆమెది. రెండు బస్సులు మారి, అడ్రసు అడుక్కుంటూ వచ్చింది.

“నా పని పోయింది,” అంది గుమ్మంలోంచే. “నీ దయ.”

అబిగయీలు కుర్చీ లాగింది. రోజా కూర్చోలేదు.

“వాళ్లు కాయితం మీద రాసిచ్చిందే నేను చదివినా. ప్రమోషనూ, ఇల్లూ అన్నీ అందులో ఉండేవే. నువ్వు ఆ ఏవోని ఒక్క మాట అనలా. అందరి ముందరా నన్ను పట్టుకున్నావు. మా నాయన పడవ మీద పోతాడు. వేట లేని రోజుల్లో నా జీతంతోనే ఇల్లు నడిచేది. ఇప్పుడు నువ్వు నడుపుతావా?”

‘అబద్ధం చెప్పింది నువ్వు కదా’ అనే మాట అబిగయీలు నోటి దాకా వచ్చింది. కానీ ఆ అమ్మాయి చెప్పిన దాంట్లో తప్పులేదు. ఏవో ఎదురుగా కూర్చున్నప్పుడు తాను నిజంగానే ఒక్క మాటా అనలేదు. ఏడుపొచ్చి ఊరుకుంది.

“నువ్వూ అదే కాలేజీనా?” అని అడిగింది.

“ట్రిపుల్ఈ. నీకంటే ఒక ఏడు వెనక. మాకు కంపెనీలే రాలా. కౌంటర్లో కూర్చోబెట్టుకోని ప్లేస్‌మెంట్ ఇచ్చినామని రాసుకున్నారు.”

“జీతం ఎంత?”

“పదకొండన్నారు. చేతికి తొమ్మిది.”

“నాకు పన్నెండని చెప్పినాడు నరేంద్రబాబు సారు.”

“అందరికీ అంతే చెప్తారు.” రోజా అప్పుడు కూర్చుంది. ఎలిశబెతు లోపలి నుంచి రెండు కంచాల్లో అన్నం పెట్టుకొచ్చి, ఎవరి సంగతీ అడగకుండా ముందర పెట్టింది. తినేటప్పుడు రోజా తల ఎత్తకుండానే, “ఎక్కడన్నా పని గురించి తెలిస్తే నాకూ చెప్పు,” అంది. వెళ్లేటప్పుడు నంబరు ఇచ్చి వెళ్లింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు అబ్రహాము ఒక కబురు తెచ్చాడు. అల్లూరు సెంటర్లో కామాక్షయ్య అనే ఆయన రొయ్యల గుంటలకు మేత చల్లే మిషన్లు, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు అమ్మి, రిపేర్లు చేయిస్తాడు. కొత్తగా వచ్చిన మిషన్లలో ఎలక్ట్రానిక్ బోర్డులు ఎక్కువ. అవి చూసేదానికి చదువుకున్నవాళ్లు కావాలని అంటున్నాడు. అబిగయీలు రోజాకు ఫోన్ చేసి చెప్పి, తాను వెళ్లి కలిసింది.

“బీటెక్ వోళ్లు పదివేలకు వస్తా ఉండారమ్మాయ్,” అన్నాడు కామాక్షయ్య, ముందే.

“మీ దగ్గర పనిచేసే చెంగయ్యకు ఎంతిస్తారు?” చెంగయ్య అక్కడి ఎలక్ట్రీషియన్. అవతల కూర్చుని మోటారుకు వైరు చుడుతున్నాడు.

“వాడికి ఇరవై రెండు. వాడు పని తెలిసినోడు. నువ్వు చదువుకున్నదానివి.”

ఆయన ఎగతాళిగా అనలేదు. బజార్లో ఏ సరుకు ధర ఎంతో చెప్పినట్టు చెప్పాడు.

“పదహారు వేలైతే చేస్తా,” అంది అబిగయీలు.

“ఆలోచించి చెప్తా.”

రెండు రోజులకు ఆయన ఫోన్ చేశాడు. “బోగోలు నుంచి ఇంకో పిల్ల వచ్చింది. తొమ్మిదికి ఒప్పేసుకుంది. నువ్వు దగ్గర ఊరుదానివి కాబట్టి అడుగుతా ఉండా. తొమ్మిదికి వస్తావా?”

అబిగయీలు ఫోన్ పెట్టేసి రోజాకు చేసింది. రోజా ఎత్తగానే కేకలేసింది. “ఎనిమిదిన్నరకు ఎట్టా ఒప్పుకున్నావు నువ్వు? నాకు చెప్పద్దా?”

“నేను ఎనిమిదిన్నర అన్నానని నీకు చెప్పినాడా? నువ్వు తొమ్మిదికి ఒప్పుకున్నావని నాకు చెప్పినాడు.”

“రేపు నేను వస్తా,” అంది రోజా.

మర్నాడు ఇద్దరూ కలిసి కామాక్షయ్య బల్ల ముందు నిలబడ్డారు. చెంగయ్య పని ఆపి వింటున్నాడు.

“మాలో ఎవరు ఎంతకు ఒప్పుకున్నామో ఇప్పుడు చెప్పండి సార్,” అంది అబిగయీలు.

కామాక్షయ్య టీ గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగాడు. “వ్యాపారం అన్నాక బేరం ఉంటది. దీనికి పంచాయితీ ఎందుకు?”

“మాదీ వ్యాపారమే. నాలుగేళ్లు ఫీజులు కట్టి తెచ్చుకున్నాం ఈ చదువును. పదహారుకు తక్కువైతే ఇద్దరం రాం. ఎవరిని పిలిచినా ఇదే మాట చెప్తాం.”

“పోండి,” అన్నాడాయన. “మీలాంటోళ్లు రోడ్డు నిండా ఉండారు.”

వచ్చేశారు. బస్టాండు దాకా నడిచారు.

“పిలవకపోతే?” అంది రోజా.

“ఇంకోచోట ఇదే అడుగుదాం.”

“అక్కడా పొమ్మంటే?”

బస్సు వచ్చింది. రోజా ఎక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపింది.

వానలు మొదలయ్యాక కామాక్షయ్య మనిషిని పంపించాడు. గుంటల మీద మిషన్లు వరసగా పాడవుతున్నాయి. బోర్డుల పని చెంగయ్య వల్ల కావడం లేదు. పదివేలకు వచ్చిన ఒక కుర్రాడు వారం చేసి, చెప్పకుండా వెళ్లిపోయాడు. ఇద్దరినీ తీసుకుంటాను గాని పద్నాలుగే ఇస్తానన్నాడు కామాక్షయ్య. వాళ్లు బల్ల ముందు నిలబడి గంటసేపు వాదించారు. మూడు నెలలు పద్నాలుగు, ఆ తర్వాత పదహారు అని తెగింది. అది కాగితం మీద రాసి సంతకం పెట్టమంది అబిగయీలు. ఆయన విసుక్కుంటూ పెట్టాడు.

“సంవత్సరం తిరిగేసరికి చెంగయ్యన్నకు ఎంతో మాకూ అంత అడుగుతాం,” అంది రోజా.

“అడుగుదురులే, ముందు పని నేర్చుకోండి,” అన్నాడు కామాక్షయ్య. చెంగయ్య మాత్రం, తన జీతం పెంచమని అడిగి ఏడాదైందని, అప్పుడు తననూ కలుపుకొమ్మని వాళ్లతో మెల్లగా అన్నాడు.

మొదటి రోజు పని అయ్యి బురద కాళ్లతో ఇంటికొస్తే, ఎలిశబెతు గుమ్మంలోనే నీళ్లు అందించింది. కూతురు కాళ్లు కడుక్కుంటుంటే పక్కన నిలబడి చూస్తూ ఉంది. చర్చిలో ఆ ఆదివారం నుంచి, కూతురి కోపానికి ఆమె ఇంట్లో గట్టిగా మాట్లాడాలంటేనే జంకుతోంది.

“ఏదో ఒకటి దొరికింది కదా తల్లీ. ఇప్పుడన్నా నీ కోపం తగ్గిందా?”

“లేదమ్మా,” అంది అబిగయీలు. “తగ్గించుకోవాలని కూడా లేదు. అన్నం పెట్టు, ఆకలిగా ఉంది.”